కడుపుకు హాయినిచ్చే రొట్టె ఏది?

మన ఊళ్ళలో ఒక అలవాటు ఉంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలితే అన్నం మాన్పించి బ్రెడ్డు తెప్పిస్తారు. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోయేవారు ఒక చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, మరొక చేతిలో బత్తాయిల సంచి పట్టుకొని వెళ్తారు. వేడి పాలలో రెండు బ్రెడ్డు ముక్కలు నానబెట్టి రోగికి తినిపిస్తే తేలికగా అరుగుతుందని మన పెద్దల నమ్మకం. చాలామంది విషయంలో అది నిజమే.

కాని ప్రియ పాఠకులారా, ఆ బ్రెడ్డే పడనివారు కూడా మన ఇళ్ళలో ఉన్నారు. రెండు ముక్కలు తింటే చాలు, పొట్ట డోలులాగా ఉబ్బుతుంది. త్రేన్పులు, గ్యాసు, కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, కొందరికి విరేచనాలు, మరికొందరికి మలబద్ధకం. "నీకు ఏదీ పడదమ్మా, నీ కడుపే అంత" అని ఇంట్లోవారు తేలికగా కొట్టిపారేస్తారు. పాపం, ఆ మనిషి భయపడి ఒకటి తరువాత ఒకటిగా అన్నీ మానేసి చిక్కిపోవడం కూడా చూస్తుంటాం. రొట్టె పడకపోవడానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి. కారణం తెలిస్తే తగిన రొట్టెను ఎంచుకోవడం కష్టం కాదు. వాటిలో ఒక కారణం మాత్రం అశ్రద్ధ చేయరానిది. దానిని గూర్చి ప్రతి తల్లీ తెలిసికోవడం అవసరం.

గోధుమలో ఏమున్నది?

బేకరీ బ్రెడ్డు, బన్ను, రస్కు, పుల్కా, పరోటా, నాన్ ఇవన్నీ గోధుమనుండి వచ్చినవే. మైదా అంటే పొట్టు, మొలక తీసివేసిన గోధుమ పిండే. ఈ గోధుమలో కడుపుకు ఇబ్బంది కలిగించగలిగినవి ముఖ్యంగా రెండున్నాయి.

మొదటిది గ్లూటెన్ అనే మాంసకృత్తు. గోధుమ పిండిని నీళ్ళతో పిసికితే బంకలాగా సాగుతుందే, ఆ సాగే గుణం దీనివలననే వస్తుంది. బ్రెడ్డు మెత్తగా పొంగడానికి కారణం ఇదే. బియ్యపు పిండికి, జొన్నపిండికి ఈ గుణం లేదు. అందుకే జొన్నరొట్టెను చపాతీలాగా కర్రతో ఒత్తబోతే అంచులు పగులుతాయి.

రెండవది ఫ్రక్టాన్ అనే పదార్థం. ఇది ఒక జాతి చక్కెరల గొలుసు. దీనిని విడగొట్టే రసం మనుష్యుల చిన్నప్రేగులో ఎవరికీ లేదు. కనుక అది అరగకుండా పెద్దప్రేగు వరకు వెళ్తుంది. అక్కడున్న సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తాయి. ఆరోగ్యవంతులకు ఈ గ్యాసు తెలియనే తెలియదు. ప్రేగులు సున్నితంగా ఉన్నవారికి అదే పెద్ద బాధగా ఉంటుంది. ఉల్లిపాయ, వెల్లుల్లిలో కూడా ఈ ఫ్రక్టాన్లు సమృద్ధిగా ఉన్నాయి.

బ్రెడ్డు పడటం లేదని చెప్పే ఇద్దరు మనుష్యుల బాధ ఒకే రకంగా కనిపించినా, ఒకరికి కారణం గ్లూటెన్, మరొకరికి ఫ్రక్టాన్ కావచ్చును. మొదటివారు గోధుమను జీవితాంతం ముట్టకూడదు. రెండవవారు కొద్దిగా మార్చుకొని తింటే సరిపోతుంది. ఈ తేడాయే ఇక్కడ ముఖ్యం.

కరువు నేర్పిన పాఠం

గ్లూటెన్ వలన వచ్చే వ్యాధిని సీలియాక్ వ్యాధి అంటారు. గోధుమ లోపలికి వెళ్ళినప్పుడు శరీరంలోని రక్షణశక్తి పొరపడి, తన చిన్నప్రేగు గోడనే దెబ్బతీస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకొనే సన్నని వేళ్ళవంటి నిర్మాణాలు ఆ గోడమీద ఉంటాయి. అవి చదునైపోతాయి. ఇక ఎంత తిన్నా వంటికి పట్టదు.

దీనికి మూలం గోధుమ అని గుర్తించినవారు హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికే. 1936నుండి ఆయన హేగ్ నగరంలోని పిల్లల ఆసుపత్రికి అధిపతిగా ఉన్నారు. కొందరు పిల్లలు గోధుమ మానినప్పుడు కోలుకోవడం ఆయన ముందే గమనించారు. రెండవ ప్రపంచ యుద్ధం చివరిలో, 1944-45 శీతాకాలంలో హాలెండులో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకక ప్రజలు తులిప్ పూలమొక్కల దుంపలు కూడా ఉడకబెట్టి తిన్నారు. దేశమంతా ఆకలితో అలమటిస్తుంటే, ఈ వ్యాధి ఉన్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. యుద్ధం ముగింపులో మళ్ళీ రొట్టె దొరికేసరికి వారి వ్యాధి తిరగబెట్టింది. డాక్టరు డికే 1950లో తన పరిశోధన గ్రంథాన్ని సమర్పించారు. అంతవరకు ఈ పిల్లలకు ఏమి పెట్టాలో తెలియక ఎందరో తల్లులు బిడ్డలను పోగొట్టుకున్నారు. గోధుమను మాన్పించడమే దీనికి ఈనాటికీ ఉన్న చికిత్స.

"ఇది తెల్లవారి జబ్బు, మనకు రాదు" అని ఒకప్పుడు మన దేశంలో కూడా అనుకొనేవారు. అది నిజం కాదు. 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం ఈ వ్యాధి ఉత్తర భారతదేశంలోని పెద్దలలో నూటికి 1.23 మందికి, ఈశాన్యంలో 0.87 మందికి, దక్షిణాదిన 0.10 మందికి ఉన్నట్లు తేలింది. ఈ వ్యాధికి వీలు కల్పించే జన్యువులు మూడు ప్రాంతాలవారిలోనూ ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. తేడా తినే గోధుమలో ఉంది. ఉత్తరాదిన మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిన 25 గ్రాములు మాత్రమే తింటున్నారు. మనవి అన్నం తినే ఇళ్ళు గనుక మనలో ఈ వ్యాధి తక్కువ. కాని అసలు లేదని కాదు. వెయ్యిమందిలో ఒకరు అంటే, పెద్ద ఊరిలో నలుగురైదుగురు ఉండవచ్చును. పైగా ఇప్పుడు మన పల్లెల్లో కూడా ఉదయం బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి చపాతీ మామూలైపోయాయి.

ఈ గుర్తులు కనబడితే ఆలస్యం చేయవద్దు

పిల్లల్లో: వయస్సుకు తగిన ఎత్తు, బరువు పెరగకపోవడం, పొట్ట ముందుకు వచ్చి కాళ్ళు చేతులు సన్నబడటం, తరచుగా దుర్వాసనతో కూడిన జిగట విరేచనాలు, ఎప్పుడూ చిరాకు. మనం వీటిని నులిపురుగులనుకొని మందు తాగించి ఊరుకుంటాం. మందు వేసినా బిడ్డ కోలుకోకపోతే డాక్టరుగారికి ఆ సంగతి చెప్పాలి.

పెద్దల్లో: ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తహీనత తగ్గకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నెలల తరబడి విరేచనాలు, ఎముకల నొప్పులు. సీలియాక్ వ్యాధి ఉన్న కొందరికి కడుపులో ఏ బాధా ఉండదు, రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది.

మలంలో రక్తం పడటం, నిద్రలో లేచి విరేచనానికి వెళ్ళవలసి రావడం, యాభై ఏళ్ళు దాటాక కొత్తగా ఈ బాధలు మొదలుకావడం ఇవి ఉంటే రొట్టె మార్చి చూద్దామని కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వాటికి వేరే తీవ్రమైన కారణాలు ఉండవచ్చును.

బ్రెడ్డుగాని చపాతీగాని తిన్న కొద్దిసేపట్లోనే వంటిమీద దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది గోధుమ అలర్జీ. అది ఇంకొక సంగతి. ఆయాసం వచ్చినప్పుడు క్షణం ఆలస్యం చేయరాదు.

ముందు పరీక్ష, తరువాతే పథ్యం

అక్కలారా, అమ్మలారా, ఈ ఒక్క మాట మాత్రం బాగా జ్ఞాపకం ఉంచుకోండి. సీలియాక్ ఉన్నదేమోనని అనుమానం వస్తే, గోధుమ మానేసి పరీక్షకు వెళ్ళకూడదు. గోధుమ తింటూ ఉండగానే పరీక్ష చేయించుకోవాలి.

మొదట చేసేది రక్తపరీక్ష. గోధుమ వలన శరీరంలో పుట్టిన ప్రతిరక్షకాలను అది చూపిస్తుంది. ఆ తరువాత అవసరాన్ని బట్టి గొట్టం ద్వారా చిన్నప్రేగునుండి చిన్న ముక్క తీసి చూస్తారు. ముందే కొన్ని వారాలు గోధుమ మానేస్తే ఆ ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి, ప్రేగు కొంత మానుతుంది. అప్పుడు వ్యాధి ఉన్నా లేనట్లే ఫలితం వస్తుంది. ఎవరో చెప్పారని నెలరోజులు పథ్యం చేసి ఆ తరువాత డాక్టరు దగ్గరకు వెళ్ళడం వలన ఎందరికో అసలు జబ్బు తేలకుండా పోతున్నది.

సీలియాక్ అని తేలినవారు గోధుమ, బార్లీ, రై ఈ మూడింటిని పూర్తిగా విడిచిపెట్టాలి. "పండుగ రోజు కదా, కొంచెం కేకు తింటే ఏమవుతుంది" అని బలవంతం చేయకూడదు. ఆ కొంచెమే ప్రేగును మళ్ళీ దెబ్బతీస్తుంది. వారు జాగ్రత్త పడవలసినవి బ్రెడ్డు ఒక్కటే కాదు. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమియా, చాలా రకాల బిస్కెట్లు, రోగులకు బలానికని ఇచ్చే బార్లీ లేక గోధుమ మాల్టు పొడులు వారికి పనికిరావు. డబ్బాలో వచ్చే ఇంగువలో కూడా తరచుగా గోధుమ పిండి లేక మైదా కలుపుతారు. పప్పులో చిటికెడు ఇంగువతో ఏమవుతుందిలే అనుకుంటాం గాని, ఈ జబ్బు ఉన్నవారు డబ్బా మీద చదివి తీసికోవాలి.

పరీక్షలో ఏమీ లేదంటే?

ఎక్కువమంది విషయంలో జరిగేది ఇదే. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి, కాని రొట్టె తింటే పొట్ట ఉబ్బుతూనే ఉంటుంది. దీన్ని మనస్సులో పుట్టిన రోగం అనుకోవద్దు. ప్రేగులు సున్నితంగా ఉన్నవారికి మామూలు గ్యాసు కూడా నొప్పిగా తెలుస్తుంది.

నార్వే దేశంలోని ఓస్లోలో జరిపి 2018లో ప్రచురించిన ఒక పరిశోధన దీనిమీద మంచి వెలుగు ప్రసరింపజేసింది. సీలియాక్ లేకపోయినా గ్లూటెన్ తమకు పడదని చెప్పుకొనే 59 మందిని తీసికొన్నారు. చూడటానికి, రుచికి ఒకేలాగా ఉండే పలకలను ఏడేసి రోజులు తినిపించారు. ఒక విడతలో వాటిలో గ్లూటెన్, మరొక విడతలో ఫ్రక్టాన్, ఇంకొక విడతలో ఆ రెండూ లేనివి. ఏది తింటున్నారో వారికి తెలియదు. చివరకు చూస్తే, గ్లూటెన్ తిన్నప్పటికన్నా ఫ్రక్టాన్ తిన్నప్పుడే వారికి బాధలు ఎక్కువయ్యాయి.

దీనివలన మనకు ఒక ధైర్యం కలుగుతున్నది. సీలియాక్ లేనివారు గోధుమను చూసి పారిపోనక్కరలేదు. ఫ్రక్టాన్ తక్కువగా ఉండే రొట్టెను, తక్కువ మోతాదులో తింటే చాలామందికి సరిపోతుంది.

పులియడంలో ఉన్న మేలు

ఫ్రక్టాన్ తగ్గడానికి ఒక దారి మన వంటింట్లోని ఇడ్లీ పిండిలో కనిపిస్తుంది. సాయంత్రం రుబ్బిన పిండి రాత్రంతా పులుస్తుంది. ఆ పులుపు తెచ్చే సూక్ష్మజీవులు పిండిలోని కొన్ని చక్కెరలను మనకంటే ముందు అవే తినేస్తాయి. మన ప్రేగులో జరగవలసిన పని గిన్నెలోనే కొంత జరిగిపోతుంది.

రొట్టె సంగతి కూడా అంతే. పూర్వం రొట్టె చేసేవారు నిన్నటి పులిసిన ముద్దలోనుండి కొంచెం తీసి నేటి పిండిలో కలిపి, గంటల తరబడి ఉంచేవారు. పులిసిన పిండి అన్న మాట బైబిలు చదివేవారికి కొత్త కాదు. కాని నేటి యంత్రపు బేకరీలలో ఎక్కువ ఈస్టు వేసి తక్కువ సమయంలో పిండిని పొంగించి కాల్చేస్తారు. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంవారు 2016లో ఈ తేడాను కొలిచి చూశారు. పిండి కలిపిన గంటకు ఇబ్బంది పెట్టే చక్కెరలు చాలా ఎక్కువగా ఉన్నాయి. నాలుగున్నర గంటలు పొంగనిచ్చిన పిండిలో వాటిలో అత్యధిక భాగం తగ్గిపోయింది. అదే గోధుమ, అదే పిండి. మారినది సమయం ఒక్కటే.

కాబట్టి ఇంట్లో బ్రెడ్డు చేసికొనేవారు ఈస్టు తక్కువ వేసి, కనీసం నాలుగైదు గంటలు పిండిని పొంగనివ్వడం మంచిది. మీ ఊరి బేకరీ అతను తెలిసినవాడైతే, పిండి ఎంతసేపు ఉంచి కాలుస్తాడో అడగండి. అడగటంలో తప్పులేదు. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. పులియబెట్టినంత మాత్రాన గోధుమ రొట్టె సీలియాక్ ఉన్నవారికి పనికివస్తుందని ఎంతమాత్రం అనుకోకూడదు.

ఏ రొట్టె ఎవరికి?

ఒక్కొక్కటి చూద్దాం.

తెల్ల బ్రెడ్డు: దీనికి చెడ్డపేరు ఉన్నది. రోజూ కడుపునిండా తినడానికి, ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది మంచిది కాదు. కాని పొట్టు లేదు గనుక, జ్వరమో విరేచనాలో తగ్గి కోలుకొంటున్నవారికి ఒకటి రెండు ముక్కలు తేలికగానే ఉంటాయి. పెనం మీద నూనె లేకుండా కాల్చి, బాగా నమిలి తినాలి. విరేచనాలు అవుతున్నప్పుడు మాత్రం రోగిని కాపాడేది బ్రెడ్డు కాదు, ఓఆర్ఎస్ నీళ్ళు. ఆ సంగతి మరువరాదు.

బ్రౌన్ బ్రెడ్డు: రంగు చూసి మోసపోకండి. చాలా వాటిలో మొదటి సరుకు మైదాయే, రంగు కారమెల్‌ది. సరుకుల పట్టికలో ఏది ఎక్కువ బరువు ఉంటే దానిని మొదట ముద్రించాలన్నది నియమం. మొదటి పేరు మైదా అని ఉంటే, అది పేరుకే గోధుమ రొట్టె.

ముడి గోధుమ బ్రెడ్డు: ఆరోగ్యవంతులకు చాలా మంచిది. మలబద్ధకం ఉన్న కొందరికీ పనికివస్తుంది. అయితే సున్నితమైన ప్రేగులు ఉన్నవారికి గోధుమ పొట్టు బాధను పెంచవచ్చును. హాలెండులో 275 మంది రోగులమీద జరిపి 2009లో ప్రచురించిన పరిశీలనలో ఇసబ్గోలు పొట్టు వాడినవారికి బాగా ఉపశమనం కలిగింది. గోధుమ తవుడు వాడినవారిలో చాలామంది బాధ ఎక్కువై మధ్యలోనే మానేశారు. కాబట్టి పీచు కావాలంటే తవుడే తినాలని లేదు. ఒక చెంచా ఇసబ్గోలు గ్లాసెడు నీళ్ళతో తీసికొన్నా చాలు.

పలు ధాన్యాల బ్రెడ్డు: పేరు బాగుంటుంది. కాని దానిలో కూడా గోధుమే ఎక్కువ. గింజలు, పప్పులు కలిసినందువలన కొందరికి గ్యాసు ఇంకా పెరుగుతుంది.

బన్ను, తీపి రొట్టె: మైదాకు తోడు చక్కెర, కొవ్వు ఎక్కువ. మసాలా బన్ను, వెల్లుల్లి బ్రెడ్డు అయితే గోధుమ ఫ్రక్టాన్‌కు ఉల్లి, వెల్లుల్లి ఫ్రక్టాన్ తోడవుతుంది. సున్నితమైన కడుపుకు ఇవి తగవు.

రస్కు: రెండుసార్లు కాల్చినది గనుక పొడిగా, తేలికగా ఉంటుంది. కాని అది కూడా మైదా, చక్కెరలే. ఒకటి రెండు చాలు.

పుల్కా: నూనె తక్కువ, వేడివేడిగా ఉంటుంది గనుక మంచిదే. అయితే పులియని ముడి పిండి గనుక ఫ్రక్టాన్లు అలాగే ఉంటాయి. నాలుగు పుల్కాలు తిని ఉబ్బరం పడేవారు ఒకటితో ఆపి, మిగిలిన ఆకలిని అన్నంతో తీర్చుకొంటే తేడా తెలుస్తుంది.

మన రొట్టెలు మరచిపోయామా?

ఇప్పుడు మన సొంత రొట్టెల దగ్గరకు వద్దాం. తెలంగాణలో, రాయలసీమలో తరతరాలుగా తింటున్న జొన్నరొట్టెలో గ్లూటెన్ లేదు. ఇటలీలో నేపుల్స్ నగరపు వైద్యులు సీలియాక్ ఉన్నవారికి జొన్నతో చేసిన పదార్థాలు తినిపించి చూసి, హాని కలగలేదని 2007లో ప్రకటించారు. సజ్జలు, రాగులు, కొర్రలు, బియ్యం వీటిలోనూ గ్లూటెన్ లేదు. మన దేశం కోరిక మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన తాతలు పేదరికంలో తిన్నదని మనం చిన్నచూపు చూసినదానిని ఇప్పుడు పట్నంలో ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు.

జొన్నరొట్టె చేయడం రానివారికోసం పద్ధతి చెప్తాం. గ్లాసు నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి మరిగించండి. దించి, గ్లాసు జొన్నపిండి పోసి గరిటెతో కలిపి మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి. వేడి నీళ్ళకు పిండి కొంత ఉడికి జిగురు వస్తుంది. చల్లనీళ్ళతో కలిపితే విరిగిపోతుంది. చేయి పట్టగలిగినంత వేడి ఉండగానే మడమతో బాగా మర్దించండి. ఉండ చేసి, పీటమీద పొడిపిండి చల్లి, అరచేతితో తడుతూ తిప్పుతూ పలుచన చేయండి. బాగా కాలిన పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దండి. ఆ తడి ఆరగానే తిరగవేసి, రెండో వైపు కాలాక మంటమీద పొంగించండి. పిండి పాతదైతే రొట్టె పగులుతుంది, చేదు కూడా వస్తుంది. అందుకే పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోవాలి.

సీలియాక్ ఉన్నవారి ఇంట్లో ఒక జాగ్రత్త అవసరం. పిండి మరలో మీకంటే ముందు ఎవరైనా గోధుమలు పట్టించి ఉంటే, ఆ పిండి మీ జొన్నల్లో కలుస్తుంది. బాగా కడిగి ఎండబెట్టిన జొన్నలను ఇంట్లోని మిక్సీలోనో తిరగలిలోనో ప్రత్యేకంగా విసరుకోవడం క్షేమం. దుకాణంలో కొనే పిండి అయితే "గ్లూటెన్ రహితం" అని ముద్రించినది తీసికోవాలి. మన దేశపు ఆహార నియమాల ప్రకారం అలా ముద్రించినదానిలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు.

జొన్నరొట్టె అందరికీ ఒకేలా పడుతుందని కాదు. అలవాటు లేనివారికి మొదట బరువుగా ఉంటుంది. సగం రొట్టెతో మొదలుపెట్టి, పలుచని పెసరకట్టుతోనో బీరకాయ కూరతోనో తినాలి. దంతాలు లేని పెద్దవారికి రాగి జావ, బియ్యపు రవ్వ ఉప్మా, మెత్తని ఇడ్లీ హాయిగా ఉంటాయి.

తప్పు రొట్టెదా, తోడుదా?

ఒక సంగతి చాలామంది గమనించరు. బ్రెడ్డు పడలేదంటారు. ఎలా తిన్నారు అంటే, గ్లాసెడు పాలలో నానబెట్టి తిన్నామంటారు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి చంటిబిడ్డలకు ఉంటుంది గాని, పెరిగేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. ఉత్తరాదివారికన్నా మన దక్షిణాదివారిలో ఇది ఎక్కువ. పైగా విరేచనాల జబ్బు తరువాత కొద్దిరోజులు ఆ శక్తి మరింత తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనం రోగికి పాలు బ్రెడ్డు పెడతాం! పొట్ట ఉబ్బితే నింద బ్రెడ్డు మీద పడుతుంది. కాబట్టి ముందు పాలు లేకుండా బ్రెడ్డు తిని చూడండి. పాల బదులు పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి.

అలాగే చపాతీతో ఉల్లిపాయ కూర, శనగల కూర తిని, రాత్రి గ్యాసు వస్తే చపాతీని తప్పుపడతాం. వట్టి చపాతీ, సొరకాయ కూరతో ఒకసారి తిని చూస్తే అసలు దోషి ఎవరో తెలుస్తుంది.

ఇంట్లోనే చేయదగిన పరిశీలన

డాక్టరుగారు చూసి ప్రమాదమేమీ లేదని చెప్పినవారు ఇలా చేయవచ్చును.

మొదటి రెండు వారాలు గోధుమతో చేసినవి మాని అన్నం, ఇడ్లీ, జొన్నరొట్టె తినండి. పిల్లల పాత నోటుబుక్కులో రోజూ ఏమి తిన్నారో, కడుపు ఎలా ఉందో రాయండి. తేడా లేకపోతే గోధుమ మీ శత్రువు కాదు. మళ్ళీ నిశ్చింతగా తినండి. తేడా ఉంటే మూడవ వారంలో ఒక్క ముక్క కాల్చిన బ్రెడ్డు, పాలు లేకుండా, వరుసగా మూడురోజులు తినండి. పడితే రెండు ముక్కలు చేయండి. ఎక్కడ బాధ మొదలవుతుందో అక్కడ మీ హద్దు ఉన్నది. చాలామందికి ఆ హద్దు సున్నా కాదు. పిల్లలకు, గర్భిణీలకు, బాగా చిక్కిపోయినవారికి ఈ పరిశీలన సొంతంగా చేయరాదు.

ఏ రొట్టె తిన్నా నెమ్మదిగా నమలడం, ఆకలికి మించి తినకపోవడం, రాత్రి తిన్న వెంటనే పడుకోకపోవడం అనే మూడు మంచి అలవాట్లు సగం బాధను తగ్గిస్తాయి.

కొనేటప్పుడు

తయారైన తేదీ చూడండి. మన ఎండలకు, వానాకాలపు తేమకు బ్రెడ్డుకు త్వరగా బూజు పడుతుంది. ఒక ముక్కమీద పచ్చని మచ్చ కనిపిస్తే ఆ ముక్క తీసేసి మిగిలినవి పిల్లలకు పెట్టకండి. బూజు వేళ్ళు కంటికి కనిపించకుండా లోపలికి పాకుతాయి. ప్యాకెట్టంతా పారవేయండి. పూర్వం బ్రెడ్డు బాగా పొంగడానికి కొందరు పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం కలిపేవారు. 2016లో మన ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ దానిని నిషేధించింది. పేరు, చిరునామా, తేదీ ఏవీ లేని ప్యాకెట్టు చవకగా వచ్చినా కొనవద్దు.

ప్రభు బల్ల దగ్గర

చివరిగా మన సంఘాలకు సంబంధించిన ఒక మాట. సీలియాక్ వ్యాధి ఉన్న విశ్వాసికి సంస్కారపు రొట్టెలోని చిన్న ముక్క కూడా హాని చేస్తుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేక, ఆ ఆదివారం ఇంటిదగ్గరే ఉండిపోయేవారు ఉండవచ్చును. రోమన్ కథోలిక సంఘంలో సంస్కారపు రొట్టె గోధుమతోనే చేయాలన్న నియమం ఉంది. గ్లూటెన్ బాగా తగ్గించినదానికి అనుమతి ఉన్నా, పూర్తిగా లేనిదానికి లేదని 2017లో కూడా వారు తెలియజేశారు. ప్రొటెస్టంటు సంఘాలలో చాలావాటికి ఈ విషయంలో స్వేచ్ఛ ఉన్నది. యేసుప్రభువు కొండప్రాంతంలో జనసమూహానికి పంచినవి కూడా ఒక చిన్నవాని యవల రొట్టెలే గదా. యవలు అంటే బార్లీ గనుక సీలియాక్ ఉన్నవారికి అవి కూడా పడవు. కాని ఆ కాలపు పేదల ఇళ్ళలో ఏది దొరికితే అదే రొట్టె అయ్యిందని దానివలన మనకు తెలుస్తుంది.

కాబట్టి సంఘకాపరులు, పెద్దలు ఒక చిన్న ఏర్పాటు చేయవచ్చును. బియ్యపు పిండితోగాని జొన్నపిండితోగాని చేసిన రొట్టెను వేరే పళ్ళెంలో, మూతపెట్టి ఉంచాలి. గోధుమ రొట్టె విరిచిన చేతితో దానిని ముట్టరాదు. రొట్టెను ఒకే గిన్నెలో ముంచి ఇచ్చే అలవాటు ఉన్నచోట తునకలు రసంలో పడతాయి గనుక, వారికి వేరే గిన్నె ఉండాలి. అవసరమైనవారు కాపరిగారికి ముందుగా చెబితే చాలు, నలుగురిలో ప్రకటించనక్కరలేదు. ప్రేమ విందులలోనూ, క్రిస్మస్ కేకు పంచేటప్పుడూ "కొంచెమే కదా" అని బలవంతం చేయకపోవడం కూడా ప్రేమే.

మన ఇంట్లో ఎవరైనా "నాకు ఇది పడటం లేదు" అంటే, నవ్వి ఊరుకోకుండా ఒకసారి వినండి. గుర్తులు గమనించండి. అవసరమైతే గోధుమ మానకముందే పరీక్ష చేయించండి. ప్రమాదం లేదని తేలితే కొంచెం ఓపికతో వారికి తగిన రొట్టెను, తగిన మోతాదును కనుగొనండి. భయంతో తినే పంచభక్ష్యాలకన్నా, నిశ్చింతగా తినే ఒక జొన్నరొట్టె, గిన్నెడు మజ్జిగ మేలు.